మబ్బుకు మోకు కట్టిన కాసియన్

“రెండే రెండు ముక్కలు. ఈ గ్లాసు అయ్యేలోపు చెప్పేస్తాను,” అన్నాడు కాసియన్.

గ్లాసు నిండుగా ఉంది. ఆ మాట అనకముందు ఖాళీగానే ఉండేది. కాసియన్ గొంతు సవరించుకోగానే హోటలు యజమానురాలు ఫిలోమేనా చెయ్యి దానంతటదే సీసా వైపు వెళ్ళిపోతుంది. ఆవిడ అరుగు మీద జనం చేరేది వైన్ కోసం కాదనీ, కాసియన్ అబద్ధాల కోసమనీ ఆవిడకి పెళ్ళికాకముందు నుంచే తెలుసు. భర్త పోయాక కూడా కాసియన్‌ని మాత్రం జాగ్రత్తగా చూసుకుంటోంది.

జనవరి నెల. లెయిటెన్ ఊళ్ళో జనం ఆదివారం పూజ ముగించుకుని, హోటలు ముందు ఎండలో, కోట్లు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. టిరోల్ కొండల్లో జనవరిలో కోటు విప్పడమంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. అందుకని ఎవరూ ఎవరి వైపూ సూటిగా చూడటం లేదు. రోడ్డు మీద దుమ్ము లేస్తోంది. ఎదురింటి గోడకి తగిలించిన తేనెపెట్టెలోంచి తేనెటీగలు బయటికొచ్చి, పూలు లేకపోవడం చూసి, ఒకదానికొకటి చెప్పుకుని లోపలికి పోతున్నాయి.

మంచు పడలేదు. క్రిస్మస్‌కి పడుతుందన్నారు. తర్వాత జనవరి ఆరున ముగ్గురు రాజుల పండగకన్నా పడుతుందన్నారు. ఇప్పుడు ఫిబ్రవరిలో వచ్చే కొవ్వొత్తుల పండగ పేరు చెబుతున్నారు. పండగలకేం, కేలండర్ నిండా ఉన్నాయి. ఫాదర్ కోర్బినియన్ ప్రతి ఆదివారం జనాన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మంచు కోసం ప్రార్థన చేయిస్తున్నాడు. కిందటి వారమైతే మంచుమాతగా కొలిచే మేరీమాత విగ్రహాన్ని భుజాల మీద ఊరంతా ఊరేగించారు. అమ్మవారు నీలం అంగీ అంచుకి దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చింది. గుడి గంటలు కొట్టే సెరాఫిన్ తడిగుడ్డతో తుడిచాడు. ఊళ్ళో ఆ నెల పడిన తడి అదొక్కటే.

బయటివాళ్ళకి ఇదంతా తమాషాగా ఉంటుంది. మంచు పడకపోతే హాయే కదా అంటారు. వాళ్ళకి గడ్డి సంగతి తెలీదు. లెయిటెన్ వాళ్ళకి మంచి గడ్డి కొండ మీద ఉంది. వేసవిలో నడుముకి తాడు కట్టుకుని కోస్తారు, ఎండబెడతారు, అక్కడే గడ్డిపాకల్లో కూరుతారు. చలికాలంలో మంచు పడి, కొండ మీంచి ఊరి దాకా దిగే రాళ్ళ గండి పూడి నున్నగా అయ్యాక, మగాళ్ళంతా జారుడుబండ్లు భుజాన వేసుకుని ఎక్కుతారు. మోపులు బండ్లకి కట్టి, ముందు కూర్చుని, మడమలతో ఆపుకుంటూ కిందికి జారుకొస్తారు. తాతల కాలం నుంచీ గడ్డి దిగేది అలాగే. మంచు లేకపోతే గండి నిండా రాళ్ళే. గడ్డి పైన, ఆవులు కింద, ఊరి చూపంతా ఆకాశంలో.

ఆ గడ్డి దింపేవాళ్ళకి పెద్ద కాసియన్. అరవై దాటినా ఆ పదవి వదల్లేదు. ఎవరి గడ్డి దిగితే వాళ్ళింట్లో ఆ రోజు గడ్డి దింపినవాళ్ళందరికీ గసగసాలు పెట్టిన క్రాప్ఫెన్ బూరెలు నూనెలో వేయించి పెట్టాలని ఆచారం. పిండి సరిగ్గా కుదురుతోందో లేదో ముందే చూసుకోవాలని కాసియన్ నవంబరు నుంచే ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఈ యేడు ఇంకా ఒక్క మోపూ దిగలేదు గానీ కాసియన్ చొక్కా గుండీలు మాత్రం రెండు ఊడాయి.

అరుగు చివర, స్తంభానికి ఆనుకుని నిలబడింది బుర్గా. కూర్చోలేదు. మొగుడు పోయి ఐదారేళ్ళయింది. నాలుగు ఆవులు. ఆ నాలుగూ ఉన్నాయి కాబట్టే ఆవిడది ఇల్లు. లేకపోతే నాలుగు గోడలు. కింద కొట్టంలో గడ్డి అడుగుకొచ్చింది. పొద్దున్నే చేత్తో దువ్వి దువ్వి వేస్తోంది. నిన్న పెద్దావు ఖాళీ తొట్టిని నాకుతుంటే ఆ చప్పుడు వినలేక బయటికొచ్చి కట్టెలు కొట్టింది, అవసరం లేకపోయినా. ప్రతి గురువారం దిగువూరి నుంచి పశువుల బేరగాడు గాట్‌లీబ్ వస్తాడు. ఆవుల వెనక తట్టి, “నేనేం తొందరపెట్టడం లేదమ్మా” అంటాడు. తొందర లేనివాడు ప్రతి వారం ఎందుకొస్తాడో బుర్గాకి తెలుసు. వచ్చే గురువారం తాడు కూడా తెస్తానన్నాడు.

ఆవిడ కథకి రాలేదు. కాసియన్‌ని ఒక మాట అడగటానికి వచ్చింది.

“మామా, గండిలో ఉన్నదున్నట్టుగా బండి దింపలేమా? నెమ్మదిగా, ఒక్క మోపు?”

“రాళ్ళ మీదా?” కాసియన్ జాలిగా నవ్వాడు. “కట్టె రాజుకుంటుందే పిల్లా. బండీ గడ్డీ కలిపి మంటల్లో దిగుతాయి. ఊళ్ళో మంటలార్పే బండి ఆ నూతి దగ్గర తుప్పుపట్టి ఉంది. మంచు కావాలి. మంచంటే గుర్తొచ్చింది, ఇంతకంటే ఎండు చలికాలం ఒకటి చూశాను నేను. అప్పుడు మంచు తెప్పించిందెవరో తెలుసా? పోనీలే, నా నోటితో నేను చెప్పుకోవడం బాగోదు.”

ఎవరూ అడగలేదు. అందుకని వెంటనే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆ రెండు ముక్కలు అవే.

“అప్పుడు నాకు ఇరవై. మీసం ఇంకా సరిగా రాలేదు. మీసం మాటొచ్చింది కాబట్టి చెప్తున్నాను, మా మేనత్త క్రెసెంజ్‌కి మీసం ఉండేది. దొడ్డ మనిషి. శరదృతువు వెళ్ళాక రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడేది, మీసం మీద మొదటి మంచు పడితే ఊళ్ళో చలికాలం వచ్చినట్టు లెక్క. ఫాదరు కూడా ఆవిణ్ణి చూశాకే గుళ్ళో పొయ్యి వెలిగించేవాడు. ఆవిడకి ముగ్గురు మొగుళ్ళు...”

“మామా, మంచు,” అన్నాడు రోమెడ్. బుర్గా పక్కింటి రైతు. కొత్తగా పెళ్ళైనవాడు, ఇంటికి త్వరగా వెళ్ళాలని ఆత్రం. భార్య అలా అనుకోవడం లేదని ఊళ్ళో అందరికీ తెలుసు.

“దానికే వస్తున్నాను. ఆ యేడు అత్త మీసం తడవలేదు. జనవరి గడిచింది. ఆవులు తొట్లు కొరుకుతున్నాయి. ప్రార్థనలు చేశారు, ఊరేగింపులు చేశారు, అంతా చేశారు. నేను మామూలు మనిషిని, గొప్పలు చెప్పుకోను. నేను చేసిందల్లా గుళ్ళోకి వెళ్ళి, టోపీ తీసి, మంచుమాత ముందు నిలబడి ఒకే ఒక్క మాటన్నాను. ‘అమ్మా, పేరేమో మంచుమాత. మంచేదీ?’ అంతే. ఇంకేమీ అనలేదు. గుమ్మం దాటానో లేదో, ముక్కు మీద ఒక్క మంచురేకు పడింది.”

“ఒక్కటేనా?” అన్నాడు సెరాఫిన్.

“ఒక్కటే. లేనిది ఉందని చెప్పను.”

“ఒక్క రేకుకి ఇంత కథా?”

“పళ్ళెమంత ఉంది.”

“ఇందాక ముక్కు మీద పడిందన్నావు.”

“ముక్కు మీదే పడింది. మిగతా మొహం మీదకి కూడా వచ్చింది. సైజు ఎంతని నువ్వడిగావా? అడగలేదు.” కాసియన్ ఒక గుక్క తాగాడు. “ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేరేవాడైతే మొహం తుడుచుకుని ఇంటికి పోయేవాడు. నేను ఆలోచించాను. నిలువుగా పడాల్సిన రేకు ఏటవాలుగా, పడమటి నుంచి ఎందుకొచ్చింది? పడమట ఏముంది?”

“గ్రూబ్,” అన్నారు ఇద్దరు ముగ్గురు ఒకేసారి, ఉమ్మేసినట్టు. గ్రూబ్ అంటే కొండ అవతలి లోయ. అక్కడివాళ్ళు కూడా ఆవుల్ని పెంచుతారు, గడ్డి కోస్తారు, అదే వేదం చదువుతారు. లెయిటెన్ వాళ్ళకి వాళ్ళంటే గిట్టకపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

“గ్రూబ్,” తలూపాడు కాసియన్. “వాళ్ళ ఫాదరుది ఎద్దు గొంతు. ఆయన ప్రార్థన మొదలుపెడితే మబ్బులు భయపడి ఎక్కడివక్కడ ఆగిపోయేవి. మన మంచంతా అక్కడ ఆగింది. సరే అని గడ్డి కట్టే మోకు భుజాన వేసుకుని నల్లకొమ్ము శిఖరం ఎక్కాను. పొద్దున కాఫీ తాగి బయల్దేరాను, అది కడుపులో చల్లారకముందే పైనున్నాను.”

“నల్లకొమ్ము ఎక్కడానికి నాకు సగం రోజు పట్టింది,” అన్నాడు రోమెడ్.

“నువ్వు దారిలో ఎక్కావు. నేను సూటిగా ఎక్కాను. పైనుంచి చూద్దును కదా, కింద గ్రూబ్ మీద మబ్బు. ఎంతుందనుకున్నావు? ఆ చివర్నించి ఈ చివరికి మా కొట్టంలోని ఆవులన్నీ రోజంతా మేసినా సగం కూడా అయ్యేది కాదు. బూడిద రంగు, పొట్ట కిందికి జారి, ఈనబోయే ఆవులా బరువుగా ఉంది. వాళ్ళు దానికి నాలుగు వైపులా మేకులు కొట్టి కట్టేశారు.”

“మబ్బుకి మేకులా?” అంది ఫిలోమేనా.

“గ్రూబ్ వాళ్ళకి సిగ్గుందా? మోకు కొసకి ఉండే కొయ్యకొక్కెం విసిరాను. సరిగ్గా పొదుగు ఉండాల్సిన చోట తగులుకుంది. లాగాను. కదల్లేదు. చేతుల మీద ఉమ్మేసుకుని మళ్ళీ లాగాను. మేకులు ఫట్‌ఫట్‌మని ఊడాయి. గ్రూబ్ వాళ్ళకి తెలిసిపోయింది. ఫాదరు, బడిపంతులు, బ్యాండు మేళం, మంటలార్పేవాళ్ళు, ముసలీ ముతకా అందరూ పరిగెత్తుకొచ్చి అటుకొస పట్టుకున్నారు. ఇటు నేనొక్కణ్ణి. మడమ రాయిలో దిగబడిపోయింది. ఆ గుంట ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూసుకోండి.”

“చూశాను,” అన్నాడు రోమెడ్. “మా తాత మేకలకి అందులో ఉప్పు పెట్టేవాడు.”

“ఉప్పు పెట్టడానికి గుంట ఎవరు చేసిచ్చారురా మరి? మీ తాత ఎప్పుడైనా నాకు ఒక్క థ్యాంక్స్ చెప్పాడా?”

తాత కృతఘ్నుడని రోమెడ్‌కి వేరే సందర్భాల్లో తెలుసు.

బుర్గా బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చింది. ఆవిడ కళ్ళు కాసియన్ మీద లేవు. హోటలు పైకప్పు దాటి, కొండ మీద పసుపు రంగులో మెరుస్తున్న కోసిన బీడు మీద ఉన్నాయి. అక్కడ చిన్న గోధుమరంగు చుక్క ఆవిడ గడ్డిపాక. నిండా గడ్డి. కంటికి కనబడుతోంది, అదే మరీ కష్టంగా ఉంది.

“మబ్బుని మొత్తానికి శిఖరం దాటించి ఇవతలికి లాక్కొచ్చాను,” అంటున్నాడు కాసియన్. “వెనకాల పదకొండుమంది గ్రూబ్ వాళ్ళు వేలాడుతూ వచ్చారు. వాళ్ళలో ఒకడు ఇక్కడే స్థిరపడ్డాడు. తీసుకొచ్చి ఎక్కడ కట్టను? గుడి శిఖరానికి కట్టాను. మన గుడి పడమటికి కొంచెం వాలి ఉంటుంది కదా, ఎందుకనుకున్నారు?”

సెరాఫిన్‌కి ఇది భరించరాని విషయం. గుడి అతని బాధ్యత. “కాసియన్ బావా, వాలింది దూలం పుచ్చి.”

“పుచ్చింది ఎందుకు?”

“నాని.”

“నానింది దేంతో?”

సెరాఫిన్ మెడ పక్కకి వంచి గుడి శిఖరం వైపు చూశాడు.

“కట్టడమైతే కట్టాను గానీ, పాలు పితకడం తెలిసినంత సులువుగా పితకడం ఆపడం తెలీదు కదా. కురిసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదట కిటికీలు పోయాయి. తర్వాత తలుపులు పోయాయి. తర్వాత ఊరు పోయింది. గుడి మీది కోడి బొమ్మ ఒక్కటి బయటికి కనిపించేది, జనం టోపీలు దానికి తగిలించుకునేవాళ్ళు. పొగగొట్టాల్లోంచి పైకొచ్చి పలకరించుకునేవాళ్ళం. ఆ చలికాలం ఈ ఊళ్ళో మొహానికి మసి లేనివాడెవడూ లేడు. ఫాదరు గుడి శిఖరం మీద కూర్చుని పూజ చెప్పేవాడు, మేం మంచులోంచి తలలు మాత్రం బయటికి పెట్టి వినేవాళ్ళం. దానం పళ్ళెం తిప్పే టైముకి తలలు లోపలికి పోయేవి.”

“అది ఇప్పుడూ అంతే,” అంది ఫిలోమేనా.

“మీ అమ్మ ఈ హోటలు ఒక్కరోజు మూసింది కాదు. పొగగొట్టంలోంచి తాడు కట్టి గ్లాసు దింపితే నింపి పంపేది. మహాతల్లి. పైకి లాగేసరికి వైను గడ్డకట్టేది, పుల్లకి గుచ్చి చీకేవాళ్ళం.”

“మరి గడ్డి?” అంది బుర్గా.

“ఏం గడ్డి?”

“గడ్డి దింపడానికే కదా మంచు తెచ్చావు. దిగిందా?”

కాసియన్‌కి ఆ సంగతి నిజంగానే గుర్తులేదు. కానీ ఒక్క క్షణమే. “దిగిందా అని అడుగుతుందేమిటి పిల్ల. అసలు కథ అదే కదా. ఇంతసేపూ చెప్పింది ముందుమాట.”

రోమెడ్ ఇంటి వైపు ఒకసారి చూసి, కోటు మళ్ళీ ఒళ్ళో సర్దుకున్నాడు.

“మగాళ్ళంతా మంచు కింద ఉన్నారు. బయట నేనొక్కణ్ణి. సరే, ఊరందరి గడ్డీ ఒకే బండికి కట్టాను. గుడి కంటే ఎత్తు. మోకు చాలక అత్త క్రెసెంజ్ జడ అడిగి తీసుకున్నాను. ముందు కూర్చుని, శిలువ గుర్తు వేసుకుని, ఇలా కాస్త ఊపానంతే. ఆ వేగం నేను చెప్పలేను. నా నీడ వెనకబడిపోయింది. కేక పెడితే ఆ కేక నాకు సాయంత్రానికి వినిపించింది. మడమలు ఆనించాను, బూట్లు అరిగాయి, మేజోళ్ళు అరిగాయి, తర్వాత సంగతి ఆడవాళ్ళ ముందు చెప్పకూడదు. ఊరు దాటింది బండి. వాగు దాటింది. ఎదుటి కొండ ఎక్కింది.”

“ఎక్కడం కూడానా?” అన్నాడు సెరాఫిన్.

“ఆ వేగంతో వస్తే ఎక్కదా? సగం దాకా ఎక్కి ఆగింది. ఆగి, ఏం చేస్తుంది? వెనక్కి జారింది. మళ్ళీ వాగు, మళ్ళీ ఊరు, మళ్ళీ మన కొండ. మళ్ళీ అటు. ఉయ్యాల ఊగినట్టే. ఊగుతూనే ఉంది. అప్పుడేం చేశాననుకున్నారు? ‘ఆవుల్ని విప్పి దారి పక్కన నిలబెట్టండి’ అని కేకేశాను. బండి దాటినప్పుడల్లా ఒక్కో ఆవు నోటినిండా గడ్డి పీకేది. అటు పోయేటప్పుడు ఎడమ వరస, ఇటు వచ్చేటప్పుడు కుడి వరస. పాలు పితికే వేళకి ఒకసారి, నెమరు వేసే వేళకి ఒకసారి. ఆ బండి మీదే తిన్నాను, ఆ బండి మీదే పడుకున్నాను. ఎదుటి కొండ వైపు ఒక అమ్మాయి రోజూ నాకు సూపు అందించేది. అక్కడ ఆగేది కాస్తే కాబట్టి పెళ్ళి మాట పూర్తిగా చెప్పలేకపోయాను. అందుకే బ్రహ్మచారిగా ఉండిపోయాను. అలా అలా ఆవులు తింటూ, బండి తేలికవుతూ, తేలికవుతూ, వసంతం వచ్చే రోజుకి చివరి పోచ మా మేనత్త ఆవు తినేసింది, బండి సరిగ్గా ఈ అరుగు ముందు ఆగింది. నేను దిగి, ‘ఒక గ్లాసు’ అన్నాను.”

కాసియన్ గ్లాసు ముందుకి తోశాడు. ఫిలోమేనా నింపింది. కథ బాగుంటే నింపడం, బాగోలేకపోతే మర్చిపోవడానికి నింపడం ఆవిడ పద్ధతి.

జనం కాసేపు వాగు వైపు, ఎదుటి కొండ వైపు చూశారు, బండి ఇంకా ఊగుతోందేమోనన్నట్టు. ఎవరో నిట్టూర్చారు. మంచు అంటే అలా ఉండాలి అని అందరి మొహాల్లోనూ కనిపిస్తోంది. సెరాఫిన్ అయితే, వచ్చే ఆదివారం ప్రార్థనతో పాటు గంటలు కూడా ఎక్కువసేపు కొడితే ఎలా ఉంటుందని మొదలుపెట్టాడు.

“మామా,” అంది బుర్గా, స్తంభం దగ్గర్నించి కదలకుండానే. “ఒక్క సందేహం.”

“అడుగు, అడుగు.”

“ఆవులు గడ్డి తినడానికి నువ్వు మబ్బుని లాక్కొచ్చావు. గుడిని వంచావు. ఊరుని పాతిపెట్టావు. పెళ్ళి కూడా పోగొట్టుకున్నావు. ఆవుల్ని పైకి తోలుకుపోతే సరిపోయేది కదా.”

కాసియన్ గ్లాసు నోటి దగ్గరే ఆగింది.

“నేను నిన్న పాక దాకా వెళ్ళొచ్చాను,” అంది బుర్గా. “బాట పొడిగా ఉంది. ఎక్కడా మంచుగడ్డ లేదు. ఊటనీళ్ళు తొట్టిలో పడుతున్నాయి. పాక కింద రాతికొట్టం ఉండనే ఉంది, వేసవంతా ఆవులు పడుకునేది అందులోనే. మంచు లేకపోతే గడ్డి దిగదు. సరే. మంచు లేకపోతే ఆవు ఎక్కుతుంది కదా?”

ఆ రోజు మొదటిసారి అరుగు మీద జనం ఒకరి వైపు ఒకరు సూటిగా చూసుకున్నారు.

“చలికాలంలో ఆవులు పైకి వెళ్ళవక్కా,” అన్నాడు రోమెడ్.

“ఎందుకని?”

“ఎందుకేంటి. వేసవిలో వెళ్తాయి.”

“వాటికి నెలలు తెలుసా?”

“మిఖేలు దేవదూత పండగకి కిందికి దింపేశాక మళ్ళీ ఎక్కించకూడదు,” అన్నాడు సెరాఫిన్.

“అని ఎవరన్నారు?”

సెరాఫిన్ ఆలోచించాడు. గుడి గోడల మీద రాసినవన్నీ మనసులో చదువుకున్నాడు. అక్కడ ఎక్కడా లేదు. ఎప్పుడూ ఎక్కించలేదు, అంతే. గడ్డి చలికాలంలో దిగుతుంది, ఆవులు వేసవిలో ఎక్కుతాయి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురెళ్ళొచ్చని లెయిటెన్‌లో పుట్టినవాడికి తట్టే అవకాశం లేదు. బుర్గా కూడా ఇక్కడే పుట్టింది గానీ, పెద్దావు ఖాళీ తొట్టి నాకిన చప్పుడు ఆవిడే విన్నది.

అప్పుడే ఫాదర్ కోర్బినియన్ గుళ్ళోంచి వస్తూ అరుగు ముందు ఆగాడు. విషయం చెప్పారు. ఆయన చాలాసేపు కొండ వైపు చూశాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు. తర్వాత తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

“క్రిస్మస్‌కి ముందు ఎవరూ చెప్పలేదేం,” అని మాత్రం అని, భోజనానికి వెళ్ళిపోయాడు.

“అబ్బే, ఆ ఆలోచన నాకు అప్పుడే వచ్చింది,” అన్నాడు కాసియన్, గ్లాసు కింద పెట్టి. “ఆ యేడు మొదట అదే చేద్దామనుకున్నాను. కానీ పైన ఆవులతో ఎవరుంటారు? ఒంటరిగా, చలిలో, నిప్పు లేకుండా... దానికి మామూలు మనిషి చాలడు.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అరుగు మీద తలలన్నీ మెల్లగా అతని వైపు తిరిగాయి. వేగంలో నీడని వెనక వదిలేసిన మనిషి, మబ్బుని లాగిన మనిషి, బండి మీదే పడుకున్న మనిషి.

“నాకు మోకాళ్ళు...” అన్నాడు కాసియన్.

“ఏ మోకాళ్ళు? రాయిలో దిగబడ్డవేనా?” అన్నాడు రోమెడ్.

“అది మడమ.”

“నేనూ ఉంటాను మామా,” అంది బుర్గా. “పాలు పితకాలి, నాతో ఇంకో చెయ్యి కావాలి. క్రాప్ఫెన్‌లు అక్కడే వేయిస్తాను.”

కాసియన్ లోయ వైపు చూశాడు, గ్రూబ్ వైపు చూశాడు. ఎక్కడా ఒక్క మబ్బు లేదు. “గసగసాలు ఎక్కువ వెయ్యాలి,” అన్నాడు.

మర్నాడు పొద్దున బుర్గా ఆవులు నాలుగూ, మెడగంటలు కట్టుకుని, జనవరి నెలలో కొండెక్కాయి. ఊరంతా గుమ్మాల్లో నిలబడి నవ్వింది. ఆవులకి మొదట నమ్మకం కలగలేదు. పెద్దావు నూతి దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూసింది, ఎవరికో మతిపోయిందేమో అడుగుదామన్నట్టు. పాక దగ్గరికి చేరి గడ్డి వాసన తగిలాక మరి వెనక్కి చూడలేదు. సాయంత్రానికి కడుపులు నిండాయి. కాసియన్ నోరు కూడా నిండింది కాబట్టి ఆ రోజు కథ చెప్పలేదు.

బుధవారం రోమెడ్ ఆవులు ఎక్కాయి. మొదట్నించీ తను అదే అనుకుంటున్నానని చెప్పాడు. మర్నాడు సెరాఫిన్ ఆవులూ ఫాదరుగారి ఆవూ ఎక్కాయి. శుక్రవారానికి ఊళ్ళో ఒక్క పశువూ లేదు, ఈ ఆలోచన ముందు తనకి రాలేదని ఒప్పుకున్న మనిషి కూడా లేడు. గురువారం బేరగాడు గాట్‌లీబ్ తాడు పట్టుకుని వచ్చాడు. బుర్గా కొట్టం తలుపు తీసి చూశాడు, ఖాళీ తొట్టి చూశాడు. తట్టడానికి ఏమీ లేక తలుపుని తట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ వైపు రాలేదు.

ఇప్పుడు చిక్కల్లా ఒక్కటే. పైకెక్కిన ఆవులు గడ్డి తినేసి కిందికి రావాలంటే బాట పొడిగా ఉండాలి. అందుకని ఆదివారం ఫాదర్ కోర్బినియన్ ప్రార్థన మార్చాడు. ఇన్ని వారాలూ మంచు ఇమ్మని అడిగిన దేవుణ్ణే, దయచేసి ఈస్టర్ దాకా ఇవ్వొద్దని అడిగాడు. ఇంతకుముందు మోకాళ్ళ మీద కూర్చుని కోళ్ళ గురించీ, పొరుగువాళ్ళ గురించీ ఆలోచించిన జనం, ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుని మనస్ఫూర్తిగా ఆమెన్ అన్నారు. లెయిటెన్ గుళ్ళో అంత భక్తి అంతకుముందు ఎప్పుడూ లేదని సెరాఫిన్ అంటాడు.

పూజ అయ్యాక తలుపు తీశారు. మంచు పడుతోంది.

ఆ మధ్యాహ్నం ఆగలేదు, ఆ వారం ఆగలేదు. గండి పూడి నున్నగా, ఎంతో కాలంగా అడుగుతున్నట్టే తయారైంది. ఆవులు పైన ఉన్నాయి, గడ్డి పైన ఉంది, బుర్గా, కాసియన్ పైన ఉన్నారు. కింద జనం ఖాళీ చెంబులతో కాఫీలోకి పాలు లేక కూర్చున్నారు. ఆ చలికాలం లెయిటెన్ జారుడుబండ్లు మామూలుగానే కొండెక్కి మామూలుగానే దిగాయి, వాటి మీద గడ్డికి బదులు పాలక్యాన్లు ఉన్నాయి. మొదటి బండి పెద్దవాడి హక్కు కాబట్టి కాసియనే ముందు కూర్చున్నాడు. మొదటి మలుపులోనే బోల్తా పడ్డాడు. దెబ్బ తగల్లేదు. ఊరందరి పాలూ తెల్లటి మంచులో పోయాయి, ఎక్కడ పోయాయో చూపించమంటే అతను చూపించలేకపోయాడు.